రామగిరి బంగారు గనులు – కొంత చరిత్ర, కొంత ఒప్పుకోలు

ప్రత్యేక సంచికకు మీ ఊరి గురించి ఏదైనా వ్రాయండి అని మన సంఘం కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. మా ఊరు ఎర్రమంచి. 2017కు ముందు ఈ పేరు పెనుకొండ సంతలో తప్ప బయట ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు కియా కార్ల ఫ్యాక్టరీ పుణ్యమా అని దేశమంతా తెలుసు. ఆ ఫ్యాక్టరీ గురించి వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. కార్ల గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. కాబట్టి మా ఊరితో మొదలుపెట్టి, ఉత్తరంగా ఉన్న రామగిరికి వెళ్తాను. మిత్రులు మన్నించాలి.

ఆ సంవత్సరం ఫ్యాక్టరీ స్థలంలో మట్టి గట్టిదనం చూడడానికి మిషన్లు తెచ్చి అక్కడక్కడా బోర్లు వేశారు. మా వీధిలో నాకన్నా పెద్దావిడ ఒకామె అరుగు మీద కూర్చొని, "ఏమప్పా, రామగిరిలో మాదిరి ఈడ గూడా బంగారు పడిందా?" అని నన్ను అడిగింది. నవ్వి, "లేదమ్మా, పునాదులకు" అన్నాను. కాని ఆ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. మా ప్రాంతంలో నీళ్ళకు కాకుండా మరి దేనికి భూమిలో తొలిచినా జనం నోట వచ్చే మొదటి మాట రామగిరే. ఆ రామగిరికి సంబంధించి నాకు ఒక బాకీ ఉంది. నలభై ఐదేళ్ళ పైబడి దాన్ని ఎవరికీ చెప్పలేదు.

ముందు ఆ రాయి సంగతి చెప్పాలి.

మా ఎర్రమంచి, పెనుకొండ చుట్టూ ఉన్నవి గుండ్రాళ్ళ కొండలు. ఏనుగంత గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. అదంతా గ్రానైటు జాతి రాయి. అందులో బంగారం కోసం వెదకడం వృథా. పెనుకొండ దాటి, చెన్నేకొత్తపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి పడమరకు పోతే నేల రంగు మారుతుంది. గుండ్లు తగ్గి, నల్లగా, ఆకుపచ్చగా, పలకలు పలకలుగా విడిపోయే పొరరాయి కనిపిస్తుంది. దీన్నే భూగర్భ శాస్త్రజ్ఞులు షిస్టు అంటారు. కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం అడుగున పారిన లావా, దాని మీద పేరుకున్న మట్టి, వేడికీ ఒత్తిడికీ నలిగి ఈ రూపానికి వచ్చాయి. రామగిరి లావా రాళ్ళ వయసు దాదాపు 270 కోట్ల సంవత్సరాలని లెక్క కట్టారు. ఈ పట్టీ మ్యాపులో త్రిశూలం ఆకారంలో ఉంటుందని, ఉత్తరాన పెనకచర్ల వైపు సాగిందని వారి వర్ణన. రెండు పక్కలా మన గ్రానైటు, నడుమ ఇరుకైన ఈ పట్టీ. తూర్పున కోలారు పట్టీ కూడా ఇదే కోవకు చెందినది.

ఆ పొరరాళ్ళు నలిగిన చోట, పగుళ్ళ గుండా లోతు నుండి వేడినీరు పైకి వచ్చింది. ఆ నీటిలో ఇసుకరాతి సారం కరిగి ఉంది. దానితో పాటు రవ్వంత బంగారం. పైకి వచ్చి చల్లబడేకొద్దీ ఆ సారం పగుళ్ళలో తెల్లగా గడ్డకట్టింది. మనం పలుగురాయి అనేది అదే. చిన్నప్పుడు రెండు పలుగురాళ్ళు చీకట్లో రాకి మెరుపు చూసినవాళ్ళం మనమంతా. అయితే పలుగురాయి ఉన్నచోటల్లా బంగారం ఉండదు. నలిగిన మండలంలో, గంధకంతో కలిసిన ఇనుము, ఆర్సెనిక్ ఖనిజాల సావాసంలో ఉన్న పలుగురాయిలో ఉంటుంది. అదీ కంటికి కనిపించనంత సన్నగా. కంటికి మెరిసేది చాలాసార్లు పైరైటు. దాన్ని చూసి మురిసిపోయి ఊళ్ళో కంసాలి దగ్గరకు పరుగెత్తినవాళ్ళను నేనెరుగుదును.

రాగి మాటేమిటని అడగవచ్చు. బంగారమున్న పలుగురాతిలో రాగి ఖనిజపు ముక్కలు అక్కడక్కడా ఉండడం మామూలే గాని, రాగికోసమే తవ్వదగినవి మన రాష్ట్రంలో వేరే చోట్ల ఉన్నాయి. గుంటూరు వైపు అగ్నిగుండాల, కర్నూలు వైపు గని. రామగిరి పేరు బంగారంతోనే.

దీన్ని మొదట కనిపెట్టింది ఎవరు? పుస్తకాలలో దొరల పేర్లు ఉంటాయి. కాని ఏ దొరా అక్కడికి ఖాళీ నేల మీదికి రాలేదు. వారికన్నా ముందే అక్కడ పాత గుంతలు ఉన్నాయి. పేరు తెలియని మనుషులు పలుగురాయి చాలు వెంబడి వరుసగా తవ్వుకుంటూ పోయిన గుంతలు. ఎక్కడ బంగారం ఉందో అక్కడ తవ్వారు, లేనిచోట ఆపారు. రాయిని మంటబెట్టి కాల్చి, నీళ్ళు చల్లి పగలగొట్టడం దక్షిణదేశపు పాత గనులలో వాడిన పద్ధతి. కర్ణాటకలోని హట్టిలో పాత గనుల లోపల దొరికిన కొయ్యకు కర్బన పరీక్ష చేస్తే సుమారు రెండు వేల సంవత్సరాల నాటిదని తేలింది. గుంతల పక్కన బండల మీద రోలు మాదిరి నున్నని గుంటలు ఉంటాయి. రాయి దంచిన చోట్లు. రామగిరి దగ్గర అటువంటి బండ మీద కూర్చొని నేను సద్దన్నం తిన్నాను. అప్పుడు నాకది ఏమిటో తెలియదు.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర 1858లో భారత భూగర్భ సర్వేలో చేరాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి పనిముట్టు కనిపెట్టిన మహానుభావుడు ఆయనే. దక్షిణాదిన బంగారం దొరికే ఈ రాళ్ళ పట్టీలన్నిటినీ నడిచి చూసి, ధార్వాడ్ వ్యవస్థ అని పేరు పెట్టి విడదీశాడు. మన పెన్నేరు, హగరి నదుల పేర్లతో ఒక పట్టీని గుర్తించాడు. రామగిరి ఆ పట్టీలోనిదే. ఆయన కూడా మనలాగే రిటైరై (1891లో) ఇంట కూర్చోలేక బరోడా, మైసూరు సంస్థానాలలో పనిచేశాడు.

కోలారు సంగతి అందరికీ తెలిసిందే. 1871లో లావెల్లే అనే మాజీ సైనికుడు అక్కడికి పోయాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. తరువాత అక్కడ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. 1902లో శివసముద్రం నుండి కరెంటు వచ్చింది. కోలారులో బంగారం పండగానే దానికి సాటి రాయి ఎక్కడుందా అని అందరి చూపూ చుట్టుపక్కల పట్టీల మీద పడింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దంలో మన రామగిరికి కంపెనీలు వచ్చాయి. నార్త్ అనంతపూర్ గోల్డ్ మైన్స్ ఒకటి, జిబుటిల్ గోల్డ్ మైన్స్ ఆఫ్ అనంతపూర్ మరొకటి. జిబుటిల్ అనే మాట ఏ భాషదో ఆ ఊళ్ళలో అడిగినా ఎవరూ చెప్పలేకపోయారు. పాత గుంతల అడుగు నుండే వాళ్ళు లోతుకు దిగారు. షాఫ్టులు, మిల్లులు, సైనైడు తొట్లు, బంగళాలు అన్నీ వచ్చాయి. 1927 నాటికి మూతపడ్డాయి.

ఎందుకు మూతపడ్డాయంటే, బంగారం అయిపోయిందని మన పెద్దలు చెప్పేవారు. నాకు లెక్కలు వ్రాసిన బుద్ధి. నా లెక్క వేరు. ఆ రోజుల్లో ఔన్సు బంగారం ధర 20 డాలర్ల 67 సెంట్లు. అది కట్టేసిన ధర. మొదటి ప్రపంచయుద్ధంతో ఇనుము, బొగ్గు, కూలి, అన్నీ పెరిగాయి. అమ్మే సరుకు ధర మాత్రం కదలలేదు. ప్రపంచంలో ఎన్నో చిన్న గనులు ఆ కాలంలో అలాగే చతికిలబడ్డాయి. 1934లో ఆ ధర 35 డాలర్లకు పెంచారు. అప్పటికి రామగిరి షాఫ్టులలో నీళ్ళు నిండి ఏళ్ళయింది.

ఇక్కడ నా బాకీ వస్తుంది.

నేను రెవెన్యూలో జూనియరు అసిస్టెంటుగా చేరిన కొత్తలో, 1970ల నడుమ, ఒక ఆఫీసులో రికార్డు గది నాకు అప్పగించారు. ఏ ఆఫీసో చెప్పను. ఆ పనిచేసినవాడిని నేను, గోడలు కావు. రికార్డు గది అంటే మీకు తెలుసు. ఎర్రగుడ్డ మూటలు, గబ్బిలాల కంపు, చెదలు, కిటికీ తీస్తే దుమ్ము, తీయకపోతే ఉక్క. బీరువాలు చాలక మూటలు నేలమీదే ఉండేవి. పనికిరానివి తీసేయమని ఆర్డరు వచ్చింది. ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేళ్ళు, కె.డిస్. మూడేళ్ళు, ఎల్.డిస్. ఏడాది. ఈ పాఠం మనలో ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా చెప్తారు. నేను మూటలు విప్పి, పైన ఉన్న గుర్తు చూసి, జాబితా వ్రాస్తూ పోయాను. లోపల ఏముందో చదవలేదు. చదివితే ఏడాదికి కూడా పని తెమలదు.

ఒక మూటలో మాత్రం చేయి ఆగింది. రామగిరి గనుల భూములకు సంబంధించిన కాగితాలు. ఇంగ్లీషులో వంపు తిరిగిన చేతివ్రాత. వాటితో పాటు మడత పెట్టిన ఒక ట్రేసింగు గుడ్డ. విప్పితే మంచం అంత ఉంది. నీలం రంగు నేత గుడ్డ మీద నల్ల సిరా, ఎర్ర సిరా. సర్వే నంబర్ల హద్దులు, వాటిలో చిన్న చతురస్రాలు, పక్కన అంకెలు. ఏ గుంత ఎవరి పొలంలో ఉంది, ఏది పాత గుంత, ఏది కంపెనీ దింపిన షాఫ్టు, ఎంత జాగా సర్కారుది, ఎంత రైతుది అని చూపే ప్లాను. అంచులో 1914 అని ఉంది. పైన గుర్తు కె.డిస్. మూడేళ్ళు. అరవై ఏళ్ళు దాటింది. రూలు ప్రకారం అది ఎప్పుడో పోవలసినది. జాబితాలో వ్రాశాను. పైవారు సంతకం చేశారు.

కాగితాలు చించి తూకానికి అమ్మారు. గుడ్డను మా బంట్రోతు వదల్లేదు. ట్రేసింగు గుడ్డను నీళ్ళలో నానబెట్టి ఉడకబెడితే గంజి, సిరా పోయి మల్లుగుడ్డలాంటి మెత్తని తెల్లబట్ట మిగులుతుంది. ఈ విద్య పాత ఇంజనీరింగు ఆఫీసుల బంట్రోతులందరికీ తెలుసు. పసిపిల్లలకు చొక్కాలు కుట్టేవారు. అతను మాకు తలా ఒక చేతిరుమాలు కుట్టించి తెచ్చాడు. ఆరేడు నెలలు ఆ రుమాలు నా జేబులో ఉంది. ఒక మూల సిరా పోక, ఎర్రగీత ఒకటి లేతగా మిగిలింది. అది ఏ పొలం గట్టో.

1971లో అమెరికావారు డాలరుకు బంగారంతో ఉన్న ముడి తెంచారు. ధర పైకి లేచింది. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు తాకింది. మన దేశంలో అప్పటికి బంగారం అంటే భయం. 1963లో మొరార్జీ దేశాయి గారి 14 క్యారెట్ల నిబంధన, 1968లో గోల్డ్ కంట్రోలు చట్టం. ఆ చట్టం 1990లో గాని పోలేదు. నా పెళ్ళికి మా మామగారు ఉంగరం చేయించడానికి కంసాలితో ఎంత గుసగుసలాడారో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. అయినా ప్రభుత్వానికి బంగారం కావాలి. కోలారు గనులను నడపడానికి 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. అదే సంవత్సరం ఖనిజాన్వేషణకు ఎం.ఇ.సి.ఎల్. ఏర్పడింది. భూగర్భ సర్వేవారు పాత ప్రాంతాలన్నీ మళ్ళీ చూశారు. చిత్తూరు జిల్లా చిగురుగుంట, బిసానత్తం, మన జిల్లా రామగిరి మళ్ళీ పటంలోకి వచ్చాయి.

రామగిరిలో డ్రిల్లింగు జరుగుతున్న కాలంలోనే ఒకరోజు ఒక యువ భూగర్భ శాస్త్రజ్ఞుడు మా ఆఫీసుకు ఉత్తరం తెచ్చాడు. మంచి మాటతీరు, మట్టి కొట్టుకున్న బూట్లు. ఆ ఉత్తరం సారాంశం ఇది. కంపెనీల కాలపు లోపలి ప్లానులు కొన్ని తమ దగ్గర ఉన్నాయి. భూమి లోపల ఏ అంతస్తులో ఎంత తవ్వారో వాటిలో ఉంది. కాని పైన ఏ షాఫ్టు ఏ సర్వే నంబరులో ఉందో పోల్చుకోవడానికి రెవెన్యూ వారి భూముల ప్లాను కావాలి. అటువంటిది ఒకటి ఉన్నట్టు పాత ఉత్తరప్రత్యుత్తరాలలో ప్రస్తావన ఉంది. ఇప్పించగలరు.

నేను రిజిస్టరు తీశాను. ఆ వరుసలో ఆఖరు గడిలో "నాశనము చేయబడినది" అని ఉంది. చేతివ్రాత నాదే. ఆయన వంగి చదివాడు. వ్రాసింది ఎవరని అడగలేదు. నేనూ చెప్పలేదు.

"పరవాలేదండి, ఒకసారి సైటుకు రండి, మేము చేసే పని చూద్దురు" అన్నాడు. బహుశా మర్యాదకు అన్నాడు. నేను ఆదివారం నిజంగానే వెళ్ళాను.

మనవైపు నీళ్ళ బోరు చూసినవాళ్ళకు ఆ డ్రిల్లు వింతగా ఉంటుంది. నీళ్ళ బోరు రాయిని పొడిచేసి దుమ్ముగా పైకి ఊదుతుంది. ఇది అలా కాదు. గొట్టం అంచున వజ్రపు తునకలు పొదిగి, రాయిని గుండ్రంగా కోస్తూ దిగుతుంది. గొట్టం నడుమ మిగిలిన రాయి చెరకుగడ మాదిరి నిలువుగా బయటికి వస్తుంది. దాన్ని కోరు అంటారు. నిట్టనిలువుగా కాక ఏటవాలుగా దింపుతారు. బంగారు చాలు కూడా ఇంచుమించు నిలువుగా ఉంటుంది గనుక నిలువు బోరు దాని పక్కనుంచి పోతుందే తప్ప తగలదు. వచ్చిన కోరును వరుసగా పెట్టెలలో పేర్చి, ఎన్ని మీటర్ల దగ్గరిదో గుర్తు వేస్తారు. పొడవునా రెండు బద్దలుగా చీల్చి, ఒక బద్ద పరీక్షకు పంపి, ఇంకొక బద్ద పెట్టెలోనే ఉంచుతారు. ప్రయోగశాలలో ఆ పొడిని సీసంతో కలిపి కొలిమిలో కరిగిస్తారు. బంగారం, వెండి సీసంలోకి చేరతాయి. సీసాన్ని వేడికి ఆక్సైడుగా మార్చి చిన్న మూసలోకి ఇంకిపోనిచ్చి, మిగిలిన చుక్కలో వెండిని ఆమ్లంతో తీసేసి, ఆఖరున మిగిలిన గుండుసూది తల కన్నా చిన్న పూసను తూస్తారు. టన్నుకు ఇన్ని గ్రాములు అని వ్రాస్తారు.

"ఆ ఇంకో బద్ద ఎందుకు?" అని అడిగాను.

"మా తరువాత వచ్చేవాడికండి. మేము చూసింది తప్పని అతనికి అనిపిస్తే మళ్ళీ చూసుకోవాలి కదా" అన్నాడు.

ఆ మాట అంటుండగానే డ్రిల్లు మీద ఉన్న మనిషి కేక వేశాడు. గొట్టాలు ఒక్కసారి జారాయి. పైకి రావలసిన నీరు ఆగిపోయింది. అందరూ మొగాలు వేలాడేశారు. ఏమైందంటే, డ్రిల్లు పాత తవ్వకం ఖాళీలోకి దిగింది. ఎవరో ఎప్పుడో తవ్వుకుపోయిన చోట. అక్కడ కోరు రాదు, నీరు నిలవదు. రోజుల కొద్దీ చేసిన పని, అంత డీజిలు, అంత వజ్రం. బోరును ఇంకొక చోటికి జరపాలి. ఎటు జరపాలో చెప్పే గుడ్డ నా జేబులో చెమట తుడుచుకోవడానికి పనికివచ్చి ఎప్పుడో చిరిగిపోయింది. ఆయన నా వైపు చూడలేదు. చూసినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే ఒక మేకల కాపరి దారిలో ఆపాడు. "సామీ, ఆ కంపచెట్ల కాడికి పోగాకండి. ఆడ బాయుంది, అడుగు తెలీదు. మా మేకలు మూడు పడినాయి" అన్నాడు. ఒకటి పాత గుంత, ఒకటి కంపెనీ షాఫ్టు, పైన చిల్లకంప కమ్మేసింది. గట్టు లేదు, గుర్తు లేదు. మేక పడిన చోట పిల్లవాడు పడడానికి ఎంతసేపు పడుతుంది? ఒక కె.డిస్. కాగితం విలువ ఏమిటో రూల్సులో లేదని ఆ రోజు తెలిసింది.

ఎనభైలలో భారత్ గోల్డ్ మైన్స్ వారు రామగిరిలో ఎప్పమాన గని నడిపారు. మా వైపు ఇప్పచెట్టును ఇప్పమాను అంటాం. ఆ పేరు దాని మీదనే వచ్చి ఉంటుందని నా ఊహ. మళ్ళీ సైరను మోగింది, జీతాలు వచ్చాయి, రామగిరిలో టీ అంగళ్ళు పెరిగాయి. 1985లో మండలాలు వచ్చినప్పుడు రామగిరి మండల కేంద్రం అయింది. తరువాత ఆ కొండల మీద గాలిమరలు కూడా వచ్చాయి. కాని బంగారం ధర 1980 నాటి ఎత్తు నుండి దిగుతూ వచ్చి 1999లో 250 డాలర్ల చిల్లరకు పడిపోయింది. ఒకప్పుడు టన్నుకు 40 గ్రాముల పైన పండిన కోలారులోనే చివరికి 3 గ్రాముల చుట్టూ తిరుగుతున్నారు. 2001లో కోలారు మూతపడింది. దానితో పాటే మన ఎప్పమాన. నూరేళ్ళలో రెండోసారి షాఫ్టులలో నీళ్ళు నిండాయి.

ఒక చిన్న లెక్క చూడండి. టన్ను రాతిలో 5 గ్రాములు ఉందనుకుందాం. ఔన్సు అంటే 31 గ్రాముల చిల్లర. 1927 ధరలో ఆ టన్నులోని బంగారం విలువ 3 డాలర్ల 30 సెంట్లు. 2001 ప్రాంతంలో 280 డాలర్ల ధర వేసుకుంటే 45 డాలర్లు. 2025లో ధర 4,000 డాలర్లు దాటింది. అప్పుడు 640 డాలర్లు. డాలరు విలువ కూడా మారిందనుకోండి, అయినా రాయి అదే రాయి. 270 కోట్ల ఏళ్ళలో ఒక్క గ్రాము పెరగలేదు, తరగలేదు. రామగిరిలో బంగారం ఉందా లేదా అని జనం నన్ను అడుగుతారు. అది భూగర్భ శాస్త్రంలో సగం ప్రశ్న, లండను మార్కెట్టులో సగం ప్రశ్న.

అందుకే మళ్ళీ కదలిక వచ్చింది. 2015లో గనుల చట్టం సవరించి, ముందు అడిగినవారికి ముందు ఇచ్చే పద్ధతి తీసేసి వేలం పెట్టారు. 2022 ఆగస్టులో మన ప్రాంతపు బంగారు బ్లాకులను వేలానికి పెట్టారు. రామగిరి ఉత్తర బ్లాకు, బొక్కసంపల్లి ఉత్తర, దక్షిణ బ్లాకులు, జవాకుల పేరుతో ఎ నుండి ఎఫ్ వరకు ఆరు. ట్రెజరీకి పాత తెలుగు మాట బొక్కసం. బొక్కసంపల్లిలో బంగారం అంటే మన పెన్షనర్లకు ఎందుకో నమ్మకం కలుగుతుంది. ఈ బ్లాకులకు ఇచ్చేది కాంపోజిటు లైసెన్సు. అంటే పాడినవారు నేరుగా తవ్వడానికి వీల్లేదు. ముందు అన్వేషణ పూర్తిచేసి, నిల్వ రుజువు చేసి, ఆ తరువాతనే గని లీజు. మళ్ళీ కోరు, మళ్ళీ పెట్టెలు. మళ్ళీ ఎవడో ఒక యువకుడు మట్టి బూట్లతో వచ్చి పాత ప్లాను ఉందా అని అడుగుతాడు. అడిగే ఆఫీసులో ఇప్పుడు కంప్యూటరు ఉంటుంది. 1914 నాటి గుడ్డ అందులో ఉండదు.

2023 సంక్రాంతి తరువాత నేను మళ్ళీ రామగిరి వెళ్ళాను. ఆ మేకల కాపరి కోసం అడిగాను. ఆయన లేరు. కొడుకు ఉన్నాడు, అతనికీ అరవై దాటాయి, అతనూ మేకలే కాస్తాడు. ఎందుకు వచ్చానో చెప్పాను. "మా నాయిన చూపించిన గుంతలన్నీ నాకు తెలుసు సార్, నడవగలవా?" అన్నాడు. నడిచాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు గాని నాలుగు రోజులు విడతలుగా నడిచాను. గ్రామ పటం నకలు ఒకటి పలక మీద బిగించి పట్టుకున్నాను. అతను చూపినచోటల్లా సర్వే నంబరు, గట్టు నుండి అడుగుల లెక్క, పక్కన ఉన్న చెట్టు, ఎవరి పొలం, వ్రాసుకున్నాను. మొత్తం 23 గుంతలు. వాటిలో 9 కంపెనీ షాఫ్టులని నా అంచనా, రాతికట్టు ఉంది గనుక. మిగిలినవి అంతకన్నా పాతవి. 4 చోట్ల కంప నరికించి ముళ్ళకంచె వేయించాము. ఖర్చు నా పెన్షనులోనిది, 6,200 రూపాయలు. రసీదులు ఉన్నాయి.

ఆ పటం నాలుగు ప్రతులు తీయించాను. ఒకటి రామగిరి తహశీల్దారు కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. ఒకటి గనుల శాఖకు రిజిస్టరు పోస్టులో పంపాను. ఒకటి ఆ కాపరి ఇంట్లో చూరుకింద రేకుడబ్బాలో ఉంది. ఒకటి నా దగ్గర. నా పటంలో పాత ప్లానులో ఉన్నవన్నీ లేవు. గుడ్డ మీద నాకు గుర్తున్నంతలో చతురస్రాలు ముప్పైకి పైనే. అంటే ఏడో ఎనిమిదో ఇంకా కంప కింద ఎక్కడో ఉన్నాయి.

కాబట్టి ఈ సంచిక చదివే మిత్రులకు ఒక మనవి. మీలో ధర్మవరం, పెనుకొండ, అనంతపురం వైపు సర్వేలో, రెవెన్యూలో పనిచేసినవారు ఉన్నారు. ఆ కాలంలో పాత ప్లానులకు చేతితో నకళ్ళు తీసి ఇంట్లో దాచుకునే అలవాటు కొందరు సర్వేయర్లకు ఉండేది. మీ ట్రంకుపెట్టెలో, మీ నాన్నగారి ట్రంకుపెట్టెలో, రామగిరి పేరున్న ట్రేసింగు గుడ్డ గాని కాగితం గాని ఉంటే, దయచేసి ఉతికించవద్దు. సంఘం ఆఫీసుకు ఒక కార్డు వ్రాయండి. నేనే వచ్చి చూసుకుంటాను.